వికృత రవం, శూన్యగృహం: తొలి ఎలక్ట్రిక్ గిటారు వాద్యరచనల్లో భయానకం

ఒక పాటను నిషేధించడానికి సాధారణంగా దాని మాటలే కారణమవుతాయి. అశ్లీలమనో, రాజద్రోహమనో, మతనింద అనో ఏదో ఒక చరణాన్ని వేలెత్తి చూపిస్తారు. 1958లో అమెరికాలో వెలువడిన ఒక గ్రామఫోన్ రికార్డు విషయంలో అలా వేలు పెట్టి చూపడానికి ఒక్క మాట కూడా లేదు. లింక్ రే అనే గిటారు విద్వాంసుడు తన బృందంతో వాయించిన ‘రంబుల్’ సుమారు రెండున్నర నిమిషాల వాద్యరచన. అందులో గాయకుడు లేడు, సాహిత్యం లేదు. అయినా న్యూయార్క్, బాస్టన్ వంటి నగరాలలోని కొన్ని రేడియో కేంద్రాలు దానిని ప్రసారం చేయడానికి నిరాకరించాయి. కుర్రకారును వీధి కొట్లాటలకు ఉసిగొల్పుతుందన్నది వారి భయం. ఆ భయాన్ని లెక్కచేయకుండా జనం రికార్డు కొన్నారు. బిల్‌బోర్డ్ పట్టికలో అది 16వ స్థానం దాకా ఎక్కింది.

మాట లేని సంగీతం ఒక ఊరి పెద్దలను ఎలా భయపెట్టగలిగింది? ఈ ప్రశ్నకు మామూలుగా వినిపించే జవాబు ఒకటుంది: ఆ గిటారు మోత బొంగురుగా, మొరటుగా ఉంది, చెవికి అపాయసూచనలా తోచింది, అంతే. ఇందులో కొంత నిజం ఉంది. కానీ ఆ కొంతతో సరిపెట్టుకుంటే ఆ రచనలోని అసలు పనితనం మన చెవిని తప్పించుకుపోతుంది. భయానక రసానికి కారణాలు చెబుతూ భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో కొన్నిటిని వరుసగా పేర్కొన్నాడు. వాటిలో మొదటిది వికృత రవం. ఆ తరువాత భూతదర్శనం, యుద్ధం, అడవి, శూన్యగృహం వస్తాయి. గురువు పట్ల, రాజు పట్ల చేసిన అపరాధం కూడా ఆ జాబితాలో ఉంది. వికృత రవం ఒక్కటే చాలదని, దానికి శూన్యగృహం తోడైనప్పుడే ఈ సంగీతంలో భయానకం నిలిచిందని, పెద్దల ఆగ్రహానికి మూలం జాబితాలోని మరో కారణంలో, అంటే గురువు పట్ల, రాజు పట్ల చేసిన అపరాధంలో ఉందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక నాట్యసభ, ఒక రికార్డు

లింక్ రే 1929లో ఉత్తర కరొలైనా రాష్ట్రంలోని డన్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. తల్లి వైపు తమది షానీ తెగ వారి వంశమని చెప్పుకున్నాడు. కూ క్లక్స్ క్లాన్ ముఠా రాత్రివేళ దాడులకు వస్తే చిన్నతనంలో ఇంట్లో దాక్కున్న సంగతులను తరువాతి ఇంటర్వ్యూలలో గుర్తుచేసుకున్నాడు. సైన్యంలో పనిచేశాడు, క్షయ సోకింది, శస్త్రచికిత్సలో ఒక ఊపిరితిత్తి పోయింది. ఆ తరువాత అన్నదమ్ములతో కలిసి వాషింగ్టన్ పరిసరాలలో సంగీత బృందం నడిపాడు. డ్రమ్ములు వాయించిన డగ్ అతని సోదరుడే.

‘రంబుల్’ పుట్టుక గురించి రే స్వయంగా చెప్పిన కథ ఇది. వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో యువకుల నాట్యసభ జరుగుతోంది. నిర్వాహకుడు, వాషింగ్టన్ టెలివిజన్‌లో పేరున్న మిల్ట్ గ్రాంట్, అప్పట్లో ప్రచారంలో ఉన్న ‘స్ట్రోల్’ అనే నెమ్మది నాట్యానికి తగిన బాణీ వాయించమన్నాడు. ఆ బాణీ బృందానికి రాదు. డగ్ నెమ్మదిగా డ్రమ్ము మీద నడక మొదలుపెట్టాడు, లింక్ దాని మీద తోచిన స్వరాలు వాయించాడు. జనం మళ్ళీ మళ్ళీ వాయించమని కేకలు వేశారు. తీరా స్టూడియోకు వెళ్ళి రికార్డు చేయబోతే సభలో పలికిన బొంగురు అక్కడ పలకలేదు. స్టూడియోలో ధ్వని శుభ్రంగా వచ్చింది. అప్పుడు రే పెన్సిలు తీసుకుని ఆంప్లిఫయర్‌లోని చిన్న స్పీకర్ల కాగితపు పొరలకు చిల్లులు పొడిచాడు.

కేడెన్స్ సంస్థ అధిపతి ఆర్చీ బ్లయర్‌కు ఆ రికార్డు నచ్చలేదంటారు. అతని సవతి కూతురికి నచ్చడంతో అది బయటికి వచ్చింది. ‘రంబుల్’ అంటే ఇంగ్లీషులో దూరపు ఉరుము, గుడగుడ. అప్పటి వీధి భాషలో ముఠాల మధ్య కొట్లాట అని కూడా అర్థం. 1957లో బ్రాడ్వే రంగస్థలం మీదికి వచ్చిన ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో ముఠాల పోరాట ఘట్టం పేరు కూడా అదే. అంటే మాట లేని రచనకు ఉన్న ఒకే ఒక మాట దాని పేరు. ఆ ఒక్క మాటా నేరారోపణకు పనికివచ్చింది.

ఇక రచనలో ఏముంది? చాలా తక్కువ. పాశ్చాత్య సంగీతంలో కొన్ని స్వరాలను ఒకేసారి మోగిస్తే దానిని కార్డు అంటారు. ఇక్కడ D కార్డు రెండుసార్లు, వెంటనే E కార్డు ఒకసారి మోగుతాయి. E మోగుతూ అణగిపోయేదాకా గిటారు ఆగుతుంది, కింద డ్రమ్ము నడక సాగుతూనే ఉంటుంది. మళ్ళీ అవే మూడు దెబ్బలు. E ని షడ్జం అనుకుంటే D కైశికి నిషాదం. అంటే మన పరిభాషలో ఇది ‘ని ని స’ అనే పిలుపు, తరువాత నిశ్శబ్దం. బ్లూస్ చట్రాన్ని గుర్తుచేస్తూ నడుమ A, B కార్డులు వస్తాయి. ఆవర్తం చివర పై నుంచి కిందికి దిగే ఒక జారుడు ఉంటుంది. దాని స్వరాలు మన శుద్ధ ధన్యాసి స్వరాలే, సాధారణ గాంధారంతో కూడినవి. పైన మోగిన E కార్డులో ఉన్నది అంతర గాంధారం. ఒకే రచనలో రెండు గాంధారాల పొత్తు కుదరని ఈ ఘర్షణ బ్లూస్ లక్షణం. చివరికి వచ్చేసరికి ఆంప్లిఫయర్‌లోని ట్రెమొలో మీట పనిచేయడం మొదలవుతుంది, శబ్దం సమంగా పెరుగుతూ తగ్గుతూ వణుకుతుంది. వేళ్ళ చమత్కారం ఎక్కడా లేదు. గిటారు పట్టిన వారం రోజులకు ఎవరైనా దీనిని వాయించగలరు, దాదాపుగా.

పాడైన యంత్రాల వంశవృక్షం

ఆంప్లిఫయర్‌ను పాడుచేసి వాయించిన వారిలో రే మొదటివాడు కాడు. 1951లో మెంఫిస్‌లో సామ్ ఫిలిప్స్ రికార్డు చేసిన ‘రాకెట్ 88’ పాటలో విల్లీ కిజార్ట్ గిటారు బొంగురుగా వినిపిస్తుంది. దారిలో ఆంప్లిఫయర్ దెబ్బతింటే దానిలో కాగితాలు కుక్కి పని కానిచ్చారని ప్రసిద్ధి. 1956 నాటి జానీ బర్నెట్ బృందపు రికార్డులలో వినిపించే కరకుదనానికి మూలం పాల్ బర్లిసన్ ఆంప్లిఫయర్‌లో ఒక వాల్వు వదులు కావడమని చెబుతారు. 1961లో మార్టీ రాబిన్స్ పాడిన ‘డోంట్ వర్రీ’ రికార్డింగులో మిక్సింగ్ పరికరంలో లోపం తలెత్తి గ్రేడీ మార్టిన్ వాయించిన స్వరాలు తుమ్మెద రొదలా మారాయి. ఆ లోపాన్నే కావాలని పుట్టించే మేస్ట్రో ఫజ్-టోన్ అనే పెట్టె 1962లో బజారులోకి వచ్చింది. 1964లో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవీస్ ‘యూ రియల్లీ గాట్ మి’ కోసం స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీరాడు.

ఈ వరుసలో మొదట ప్రమాదం, తరువాత ఉద్దేశం, చివరికి వ్యాపారం కనిపిస్తాయి. ‘రంబుల్’ నిలిచిన చోటు మొదటి రెండింటికీ నడుమ ఉంది. సభలో ప్రమాదంగా పుట్టినదాన్ని పెన్సిలుతో ఉద్దేశంగా మార్చిన ఘట్టమది.

ఇలా పాడైన యంత్రంలో జరిగేదేమిటో హైస్కూలు భౌతికశాస్త్రంతోనే చెప్పుకోవచ్చు. తీగ కంపనం విద్యుత్ తరంగంగా మారి ఆంప్లిఫయర్‌కు చేరుతుంది. వాల్వు తన శక్తికి మించి తరంగాన్ని పెంచలేదు. ఆ హద్దు దాటినప్పుడు తరంగపు శిఖరాలు కోసుకుపోయి చదును అవుతాయి. గుండ్రటి శిఖరం చదునుగా మారిందంటే, మూల స్వరంలో లేని కొత్త అనుస్వరాలు, ముఖ్యంగా 3, 5, 7 రెట్ల పౌనఃపున్యం గలవి, వచ్చి చేరాయన్నమాట. ఒక్క స్వరం మోగినప్పుడు ఇది కరకుదనంగా వినిపిస్తుంది. రెండు స్వరాలు కలిసి మోగినప్పుడు కథ మారుతుంది. శుభ్రమైన యంత్రం రెండింటినీ విడివిడిగా మోస్తుంది. పాడైన యంత్రం వాటిని ఒకదానితో ఒకటి పెనవేసి, వాటి మొత్తానికీ భేదానికీ సమానమైన పౌనఃపున్యాలను కొత్తగా పుట్టిస్తుంది. చిరిగిన స్పీకరు కాగితం తన గలగలను దీనికి జోడిస్తుంది.

ఈ భేదాన్ని ‘రంబుల్’లో లెక్కకట్టవచ్చు. గిటారు మీద తీగలు నొక్కకుండా మోగే E కార్డులో అట్టడుగు స్వరం సెకనుకు సుమారు 82 కంపనాలు, దాని పంచమం సుమారు 123. భేదం 41. D కార్డులో కింది పంచమం 110, దాని పైన షడ్జం దాదాపు 147. భేదం 37. అంటే ఎవరూ మీటని ఒక మంద్ర కంపనం, గిటారు అట్టడుగు తీగ కన్నా దాదాపు ఒక స్థాయి కింద, ఆ పాడైన స్పీకరులో పుడుతోంది. ఈ 37, 41 అనే సంఖ్యలను గుర్తుపెట్టుకోవాలి.

చెవి ఎందుకు ఉలిక్కిపడుతుంది?

దగ్గరి స్వరాల మధ్య విస్పందనాలు వేగం పుంజుకున్నప్పుడు చెవికి గరుకుదనం తోస్తుందని హెల్మ్‌హోల్ట్జ్ 1863లోనే వివరించాడు. 2015లో మనుషుల అరుపుల మీద జరిగిన ఒక పరిశోధన ఈ గరుకుదనాన్ని మరికొంత దగ్గరగా చూసింది. మామూలు మాటలో శబ్ద తీవ్రత సెకనుకు నాలుగైదుసార్లు పెరిగి తగ్గుతుంది, అది అక్షరాల నడక. ప్రాణభయంతో పెట్టే కేకలో తీవ్రత సెకనుకు 30 నుంచి 150 సార్లు మారుతుంది. మామూలు మాట ఆ పట్టీని వాడుకోదు. అపాయసూచనగా మనిషి తయారుచేసుకున్న సైరన్లు, అలారాలు కూడా ఆ పట్టీలోనే ఉన్నాయి. అటువంటి శబ్దం విన్నప్పుడు మెదడులో భయానికి సంబంధించిన అమిగ్డలా అనే భాగం ఎక్కువగా స్పందిస్తుంది. పై లెక్కలో వచ్చిన 37, 41 ఆ పట్టీలోనివే.

దీనికొక శరీరశాస్త్ర కారణం ఉంది. గొంతులోని స్వరతంత్రులు మామూలుగా క్రమబద్ధంగా కంపిస్తాయి. ఊపిరి ఒత్తిడి హద్దు మీరితే ఆ క్రమం చెదురుతుంది, స్వరం చీలుతుంది, బొంగురు పోతుంది. పిల్లను పోగొట్టుకున్న జంతువు అరుపులో, తల్లి ఆక్రందనలో వినిపించేది ఆ చీలికే. హద్దు మీరిన గొంతుకు, హద్దు మీరిన వాల్వుకు తరంగంలో పోలిక ఉంది. కనుక చిరిగిన స్పీకరును విన్న చెవి, అది యంత్రమని తెలియక ముందే, ఎవరో ఆపదలో ఉన్నారని గాని, ఎవరో ఆపద తెస్తున్నారని గాని తీర్మానించుకుంటుంది.

వైద్యవిద్య చదివినవారికి ఈ వివరణ ఎంతో తృప్తినిస్తుంది. నాకూ చాలాకాలం ఇచ్చింది. కానీ తంబురా ముందు కూర్చుంటే ఇది నిలవదు. తంబురా బ్రిడ్జి మీద తీగ కింద దూర్చే నూలుపోగును జీవ అంటారు. ఆ పోగును సరైన చోటికి జరిపినప్పుడు తీగ బ్రిడ్జిని పదేపదే తాకుతూ రొద చేస్తుంది. తీగను ఒక అనుస్వరపు అస్పందన స్థానంలో మీటితే ఆ అనుస్వరం పలకకూడదని యంగ్, హెల్మ్‌హోల్ట్జ్ సూత్రం. తంబురా, వీణ ఈ సూత్రాన్ని ఉల్లంఘిస్తాయని, దానికి మూలం బ్రిడ్జి నిర్మాణంలో ఉందని సి. వి. రామన్ 1921 ప్రాంతంలో రాసిన పత్రంలో చూపించాడు. అక్కడ కూడా జరుగుతున్నది ‘శుభ్రమైన’ కంపనాన్ని చెడగొట్టి కొత్త అనుస్వరాలను పుట్టించడమే. ఆ చెడగొట్టే పోగుకు మనవాళ్ళు పెట్టిన పేరు జీవ. ఆఫ్రికాలోని జింబాబ్వేలో పితృదేవతలను పిలిచే క్రతువులలో వాయించే ఎంబీరాకు గవ్వలో, సీసా మూతలో కట్టి రొదను కోరి తెచ్చుకుంటారు. ఒకచోట భయమైన రొద మరొకచోట ప్రాణం, ఇంకొకచోట దైవ సాన్నిధ్యం.

ప్రయోగశాల కూడా ఇటువంటి సంగతినే చెప్పింది. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రకటించిన అధ్యయనంలో, మామూలు సంగీతంలోకి హఠాత్తుగా ఈ గరుకుదనాన్ని చొప్పిస్తే శ్రోతలలో ఉద్వేగం పెరిగింది. అదే సంగీతానికి ఏ అపాయమూ లేని సాదా దృశ్యాన్ని జతచేసి చూపినప్పుడు ఆ ఉద్వేగం నిలవలేదు. చెవి ఉలిక్కిపడుతుంది, నిజమే. కానీ ఉలికిపాటు రెప్పపాటు పని. భయం అలా కాదు, అది కూర్చునే చోటు వెతుక్కుంటుంది. ఆ చోటే శూన్యగృహం.

ప్రతిధ్వని, వేగం, విరామం

అదే కాలంలో అదే వాద్యం మీద వచ్చిన మరి రెండు ప్రసిద్ధ రచనలను పక్కన పెట్టి వింటే ఈ సంగతి స్పష్టమవుతుంది.

మొదటిది డువేన్ ఎడ్డీ వాయించిన ‘రెబెల్ రౌజర్’. ఇదీ 1958 నాటిదే. నిర్మాత లీ హేజిల్‌వుడ్ అరిజోనాలోని ఫీనిక్స్‌లో సుమారు 2,000 గాలన్ల నీటి ట్యాంకును ప్రతిధ్వని గదిగా వాడుకున్నాడు. ఒక కొసన స్పీకరు, మరో కొసన మైక్రోఫోను. గాన స్వరాలు పైతీగల మీద కాకుండా మందపాటి కింది తీగల మీద నడుస్తాయి, ఖాళీ ట్యాంకులో తిరిగి వచ్చిన ఆ మోగుడుకు ‘ట్వాంగ్’ అని పేరొచ్చింది. అక్షరాలా శూన్యగృహంలో రికార్డయిన సంగీతమిది. అయినా భయం లేదు. కారణం, ఆ ఇంటిని ఎడ్డీ మనుషులతో నింపేశాడు. చప్పట్లు, కేకలు, సాక్సఫోను సంబరం చేరాయి. అది జాతర. వికృత రవం లేదు, శూన్యం ఉన్నా దానిలో సందడి నిండింది.

రెండవది డిక్ డేల్ 1962లో వాయించిన ‘మిసర్లూ’. ఇది తూర్పు మధ్యధరా ప్రాంతపు పాత బాణీ, 1920లలోనే గ్రీకు గాయకుల రికార్డులలో ఉంది. డేల్ తండ్రి వంశం లెబనాన్‌కు చెందినది. ఈ బాణీ స్వరాలు మన మాయామాళవగౌళ స్వరాలే, అంటే సరళీ వరసలతో సంగీతపాఠం మొదలుపెట్టే ప్రతి తెలుగు పిల్లకూ పరిచయమైన శుద్ధ రిషభం, అంతర గాంధారం. తెల్లవారుజామున సాధన చేసే ఆ స్వరాలను డేల్ ఒకే తీగ మీద మహావేగంతో, స్పీకర్లు కాలిపోయేంత బిగ్గరగా కుమ్మేశాడు. ఆ ధాటికి తట్టుకునే ఆంప్లిఫయర్ కోసం లియో ఫెండర్ అతని సాయంతో కొత్త నమూనాలు తయారు చేయవలసి వచ్చింది. ఇక్కడ శబ్దబలం ‘రంబుల్’ కన్నా ఎక్కువ, పట్టుదల ఎక్కువ. కానీ ఇది వీరం, కొంత అద్భుతం. వేగంగా మీదికి దూకేవాడిని చూసి మనం తప్పుకుంటాం, లేదా ఎదుర్కొంటాం. భయపడుతూ కూర్చునే వ్యవధి ఉండదు.

‘రంబుల్’ ఆ వ్యవధిని ఇస్తుంది. మూడు దెబ్బలు, తరువాత ఖాళీ. ఖాళీలో డ్రమ్ము అడుగులు. వచ్చేవాడు పరుగెత్తడం లేదు, నడుస్తున్నాడు. పరుగెత్తనక్కర లేదని అతనికి తెలుసు. రెండవసారి అవే మూడు దెబ్బలు కొద్దిగా కూడా పెరగకుండా వస్తాయి. చెవి ఒక పోరాటాన్ని ఎదురుచూస్తుంది, పేరు కూడా దానినే వాగ్దానం చేసింది. ఆ పోరాటం చివరిదాకా రాదు. ట్రెమొలో వణుకు మొదలైనప్పుడు ఇక విరుచుకుపడుతుందనుకుంటాం, అప్పుడే రచన మెల్లగా దూరమైపోతుంది. వికృత రవం మన ఒంటిని సిద్ధం చేసింది, విరామం ఆ సిద్ధపాటును ఖర్చు కానివ్వలేదు. ఈ రచనలోని బెదిరింపు అంతా ఆ నిగ్రహంలో ఉంది.

రే తరువాతి పనితో పోల్చినా ఇదే తేలుతుంది. 1959 నాటి ‘రా-హైడ్’ హుషారైన రచన, ధ్వని మొరటుదే, కానీ వడి పెరగడంతో అది ఆటపాటల వైపు మళ్ళింది. 1963లో వెలువడిన ‘జాక్ ద రిప్పర్’ పేరుమోసిన హంతకుడి పేరు పెట్టుకున్నా, ఆ పేరు రచన చేయవలసిన పనిని ముందే చేసేసింది. నాకు అది భయానకపు వేషంలా తోస్తుంది. భరతుడి మాటలో చెప్పాలంటే కృతకం.

ఊపిరి గురించి ఒక హెచ్చరిక

లింక్ రే మీద రాసేవారు తరచుగా ఒక దారి పడతారు: క్షయతో ఊపిరితిత్తి పోయింది, పాడలేకపోయాడు, కనుక గిటారుతో అరిచాడు. ఈ కథ వైద్యుడిని మరీ ఆకర్షిస్తుంది. స్ట్రెప్టోమైసిన్ 1940లలో, ఐసోనియజిడ్ 1952లో వచ్చాయి. అయినా పాడైన ఊపిరితిత్తి భాగాన్ని, కొన్నిసార్లు మొత్తాన్ని, కోసి తీసేయడం 1950లలో ఇంకా సాగుతూనే ఉంది. ఒక ఊపిరితిత్తితో మిగిలిన మనిషి మాట్లాడగలడు, పాడగలడు. బొంగురు, గరుకు అనేవి స్వరపేటికకు సంబంధించిన లక్షణాలు, ఊపిరితిత్తికి సంబంధించినవి కావు. ఊపిరితిత్తి తగ్గితే తగ్గేది వాక్యం పొడవు. దీర్ఘంగా లాగే సంగతికి గాలి చాలదు.

ఈ సంగతి తెలిసిన చెవితో ‘రంబుల్’ విన్నప్పుడు ఒక్క క్షణం ఒళ్ళు జలదరిస్తుంది. మూడు దెబ్బలు, ఆగి ఊపిరి తీసుకోవడం, మళ్ళీ మూడు దెబ్బలు. పొట్టి వాక్యాల మనిషి. కారణం దొరికిందనిపిస్తుంది. అక్కడే మనం ఆగాలి. పొట్టి వాక్యాలు ఆ నాట్యానికి అవసరం, అడుగు వేసి ఆగడం ‘స్ట్రోల్’ స్వభావం. పైగా రే ఆ తరువాత పాడాడు కూడా. 1971లో మేరీలాండ్‌లోని అకోకీక్‌లో తమ ఇంటి దగ్గరి షెడ్డులో రికార్డు చేసిన ఆల్బంలో అతని గొంతు వినవచ్చు. రోగికీ రచనకూ మధ్య గీత గీసి బాణం గుర్తు పెట్టడం మాకు వృత్తిలో అబ్బిన అలవాటు. కళలో ఆ అలవాటు మనిషిని రోగలక్షణంగా కుదించివేస్తుంది. ఒక ఊపిరితిత్తి పోయినవారు ఆ కాలంలో వేలాది మంది ఉన్నారు, ‘రంబుల్’ వాయించినవాడు ఒక్కడే.

అతని జీవితం నుంచి ఒక సంగతి తీసుకోవాలంటే నేను చిన్ననాటి రాత్రులను తీసుకుంటాను, అదీ కారణంగా కాదు, అనుభవ సామగ్రిగా. చీకట్లో దాక్కున్నవాడికి భయం ఎలా వినిపిస్తుందో తెలుసు. అది అరుపుగా వినిపించదు. బయట అడుగుల చప్పుడుగా, ఆ అడుగులు ఆగడంగా వినిపిస్తుంది. భయపెట్టే శబ్దాన్ని తయారు చేసినవాడికి భయపడటం ఎలా ఉంటుందో తెలుసునన్నది, ఆ రికార్డు విన్నప్పుడు మరచిపోదగిన విషయం కాదు.

రసమా, భయమా?

ఇక పెద్దల సంగతి. 1950ల అమెరికాలో బాలనేరస్థుల సమస్య ఒక జాతీయ ఆందోళన. 1954లో సెనేట్ ఉపసంఘం కామిక్ పుస్తకాలు పిల్లలను చెడగొడుతున్నాయా అని బహిరంగ విచారణ జరిపింది. 1955లో వచ్చిన ‘బ్లాక్‌బోర్డ్ జంగిల్’ సినిమా తరగతిగదిలోని రౌడీ పిల్లలను, రాక్ సంగీతాన్ని ఒకే తెర మీద చూపించింది. అటువంటి వాతావరణంలో ‘రంబుల్’ అనే పేరుతో, చిరిగిన ధ్వనితో ఒక రికార్డు వచ్చినప్పుడు, పెద్దలు విన్నది సంగీతాన్ని కాదు. తమ ఇంటి పిల్లల చేతుల్లో కత్తిని విన్నారు.

అదే రికార్డుకు పిల్లలు నాట్యం చేశారు. ఒకే వికృత రవం, ఒకే శూన్యగృహం, ఫలితం మాత్రం వేరు. మన అలంకారికులు లౌకిక భావానికీ రసానికీ మధ్య చూపిన తేడా ఇక్కడ పనికివస్తుంది. అడవిలో పులి ఎదురైతే కలిగేది భయం, రంగస్థలం మీద ఆ పులిని అనుభవిస్తే కలిగేది భయానకం. రెండవది ఆస్వాదించదగినది, ఎందుకంటే అది నాదీ నీదీ అన్న గిరి దాటిన భయం. నాట్యసభలోని యువతీయువకులకు ఆ దూరం దొరికింది. అడుగు వేసి ఆగుతూ, భయాన్ని తమ కాళ్ళతో కొలుచుకున్నారు. రేడియో కేంద్రంలోని పెద్దమనిషికి ఆ దూరం దొరకలేదు. అతనికి రికార్డు పులిగానే మిగిలింది.

ఇక్కడ భరతుడి జాబితాలోని ఆ మరో కారణం పనికివస్తుంది. గురువు పట్ల, రాజు పట్ల చేసిన అపరాధం భయానకానికి కారణమన్నప్పుడు, భయపడేది అపరాధం చేసినవాడు. కుర్రవాడు ఆ సంగీతాన్ని విని ఆనందించడంలో పెద్దల మాట దాటుతున్నానన్న చిన్న వణుకు కలిసి ఉంది. రసంలో అదీ ఒక పాలు. నిషేధం ఆ పాలును పెంచింది. నిషేధించినవారు తమకు తెలియకుండానే ఆ రచనకు సాహిత్యం రాసిపెట్టారనవచ్చు. అందులో లేని మాటలన్నీ వారే సమకూర్చారు.

అయితే పెద్దలను మూర్ఖులని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. వాళ్ళ చెవి పొరపడలేదు. ఆ రచనలో బెదిరింపు ఉంది, దానిని విని నవ్వుకున్నవారి కన్నా జడిసినవారే దానికి ఎక్కువ గౌరవం ఇచ్చారు. వారు పొరపడింది ఆ బెదిరింపును ఒక ఆజ్ఞగా భావించడంలో. రచన ఎవరినీ కొట్టమని చెప్పలేదు. అసలు దెబ్బ పడకుండా ఆపడమే దాని శిల్పం.

మిగిలినది

ఫజ్ పెట్టె 1962లో వచ్చింది, 1965లో రోలింగ్ స్టోన్స్ ‘సాటిస్‌ఫాక్షన్’తో ఇంటింటికీ తెలిసింది. ఆ తరువాతి పదేళ్ళలో గిటారు బొంగురు ఎన్నో రెట్లు పెరిగింది. ఈనాటి చెవికి ‘రంబుల్’లోని డిస్టార్షన్ చాలా తక్కువ, దాదాపు సౌమ్యం. కార్ల ప్రకటనలలో కూడా అంతకన్నా కరకైన గిటారు మోగుతుంది, ఎవరూ ఉలిక్కిపడరు. భయమంతా వికృత రవంలోనే ఉండి ఉంటే ఈ రికార్డు ఏనాడో పాత సామాను అయిపోవాలి.

అలా కాలేదు. తాను గిటారు పట్టడానికి ఈ రికార్డే కారణమని పీట్ టౌన్‌షెండ్ చెప్పుకున్నాడు. ‘ఇట్ మైట్ గెట్ లౌడ్’ అనే డాక్యుమెంటరీలో జిమ్మీ పేజ్ దీనిని తన గదిలో పెట్టి వింటూ చిన్నపిల్లవాడిలా గాలిలో గిటారు వాయిస్తాడు. 1994 నాటి ‘పల్ప్ ఫిక్షన్’ సినిమా ‘మిసర్లూ’ను, ‘రంబుల్’ను రెండింటినీ వాడుకుంది. పేర్లు పడేటప్పుడు మొదటిది విరుచుకుపడుతుంది. రెండవది ఒక భోజనశాలలో ఇద్దరు మాట్లాడుకుంటూ ఉండగా వెనుక మెల్లగా నడుస్తుంది. దర్శకుడికి రెండింటి స్వభావమూ తెలుసు. ఒకప్పుడు గాలిలోకి వదలడానికి జంకిన ఈ రికార్డును లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008 సంవత్సరపు ఎంపికలలో జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చి భద్రపరిచింది. లింక్ రే దానిని చూడలేదు. 2005లో కోపెన్‌హేగెన్‌లో కన్నుమూశాడు.

మొదటిసారి వినబోయే పాఠకులకు ఒక సూచన. మొదటి రెండు D కార్డులను విని తృప్తిపడవద్దు. E కార్డు మోగాక, అది అణగిపోతూ ఉండగా, మూడు దెబ్బలకూ తరువాతి మూడు దెబ్బలకూ మధ్య ఉన్న చోటును వినండి. అక్కడ గిటారు లేదు. డ్రమ్ము ఉంది, ఇంకా చావని ప్రతిధ్వని కొంత ఉంది, వచ్చేవాడి అడుగులు ఉన్నాయి. ఆ ఖాళీ ఇంటిని కట్టడమే లింక్ రే చేసిన పని, పెన్సిలు పోట్లు దానికి తలుపులు.